శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్

ఉగాదినాడు వేపపూత పచ్చడి రుచి చూచి, పంచాంగ శ్రవణమునకు కూడిన మనము, చెన్నపట్నపు తెలుగు స్త్రీలకు ఆసరా కల్పించిన మహనీయురాలిని స్మరించుట ఉచితమని తలచుచున్నాము.

దుర్గాబాయిగారు 1909లో రాజమహేంద్రవరమున జన్మించిరి. ఎనిమిదవ ఏటనే పెండ్లి జరిగెను. ఊహ తెలిసిన పిదప ఆ బంధమును కాదని దేశసేవకు పూనుకొనిరి. బాలికలకు హిందీ పాఠశాల నడపిరి. ఉప్పు సత్యాగ్రహములో చెరసాలకు పోయిరి. విడుదలైన తరువాత, ఆగిన చదువును తిరిగి పట్టి, బి.ఏ., న్యాయశాస్త్ర పట్టములు పొందిరి.

చదువు తప్పిన ఆడదాని కష్టము వారు స్వయముగా ఎరిగినది. అందుకే 1937లో చెన్నపట్నమున ఆంధ్ర మహిళా సభను స్థాపించిరి. వితంతువులు, భర్తలు విడిచినవారు, బడి వయస్సు దాటినవారు అక్కడ చదివి, కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్షకు కూర్చుండిరి. ఒకపూట అన్నము పెట్టి పంపుట కాదు, జీవితాంతము తన అన్నము తాను సంపాదించుకొను శక్తి నిచ్చుటయే ఆ సభ చేసిన దానము.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి వారే తొలి అధ్యక్షురాలైరి. పెద్దవయస్సు స్త్రీలకు తక్కువ కాలములో చదువు పూర్తిచేయించు పద్ధతిని ఆ మండలి 1958 నుండి దేశమంతట వ్యాపింపజేసెను. వారు 1981లో పరమపదించిరి. చెన్నైలో ఒక రహదారి నేటికిని వారి పేరు మోయుచున్నది.

రహదారికి పేరు ప్రభుత్వము పెట్టగలదు. నడుమ చదువు మానిన ఒక తెలుగు ఆడపడుచుకు పరీక్ష రుసుము మాత్రము మనమే కట్టవలెను. ఈ యేటి చందాలలో అందులకు కొంత తీసియుంచుదము.