దీపముతోపాటు లెక్కల పుస్తకము



మన సంఘములలో నర్సింగ్ చదువుచున్న ఆడపిల్లలు అనేకులున్నారు. నర్సింగ్ రీసెర్చ్ అను పాఠము కష్టమని వారు చెప్పుకొనుట మేము వినుచుందుము. ఆ పాఠమునకు దారి వేసిన ఫ్లారెన్స్ నైటింగేల్ గారి జీవితమును జ్ఞాపకము చేసికొందము.

1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్స్ నగరములో, ధనికులైన ఆంగ్ల దంపతులకు ఆమె జన్మించారు. చిన్నతనము నుండి లెక్కలంటే ఇష్టము. 1837లో, పదహారేండ్ల ప్రాయములో, దేవుడు తనను సేవకు పిలిచెనని గ్రహించారు. ఇంటివారు ఒప్పుకొనకపోయినను పట్టు విడువక, 1851లో జర్మనీలోని కైసర్స్‌వెర్త్‌లో ఫ్లీడ్నర్ పాదిరిగారి డీకనెస్సుల యొద్ద శిక్షణ పొందారు.

క్రిమియా యుద్ధకాలమున, 1854 నవంబరులో, 38 మంది స్త్రీలతో టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరారు. రాత్రివేళ దీపము పట్టుకొని రోగులను దర్శించిన సంగతి అందరెరిగినదే. అయితే ఆ చలికాలములో అక్కడ మరణములు తగ్గలేదు, పెరిగినవి. 1855 మార్చిలో శానిటరీ కమీషన్ వారు వచ్చి, మురుగు కాలువలు బాగుచేయించి, గాలి ఆడునట్లు చేసిన పిమ్మటనే బాగుగా తగ్గినవి.

1856లో స్వదేశము చేరి, విలియం ఫార్ గారి సహాయముతో మరణముల లెక్కలన్నియు పరిశీలించారు. గాయములకంటె రోగములవలన చనిపోయినవారే అనేక రెట్లు. ఆసుపత్రి అపరిశుభ్రతయే అనేకుల ప్రాణము తీసినది. తాను ప్రేమతో సేవించిన చోటికి విరోధముగా వచ్చిన ఈ సాక్ష్యమును ఆమె పై అధికారుల యెదుట పెట్టారు. అంకెలు చదువలేనివారికి సహితము తెలియునట్లు 1858లో చక్రమువంటి పటములు గీయించారు. ఆ ఏడే లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో మొదటి స్త్రీ సభ్యురాలైనారు. 1860లో సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల పాఠశాల స్థాపించారు.

రీసెర్చ్ యొక్క మూలసూత్రములు ఇందులోనే యున్నవి. ప్రశ్న స్పష్టముగా అడుగవలెను. అన్నిచోట్ల ఒకే పద్ధతిని వ్రాయవలెను. ఒకదానితో ఒకటి పోల్చవలెను. కారణము సరిచేసి, మరల లెక్కించి చూడవలెను.

ఆమె ఇండియాకు ఎన్నడును రాలేదు. అయినను ఇక్కడి సైనిక స్థావరములకు ప్రశ్నాపత్రములు పంపించారు. ఆంగ్ల సైనికులలో ఏటా వేయికి 69 మంది చనిపోవుచున్నారని 1863 నాటి నివేదిక తెలిపినది. పిమ్మట గ్రామప్రజల ఆరోగ్యము, కరవుల గూర్చియు శ్రమించారు. మన గోదావరి ఆనకట్ట కట్టించిన కాటన్ దొరగారితో ఉత్తరములు నడిపి, కాలువల కొరకు వాదించారు. 1910 ఆగస్టు 13న, 90వ ఏట, ప్రభువునందు నిద్రించారు.

అమ్మలారా, రోగిని చూడకుండ నింపిన టెంపరేచర్ చార్టు అబద్ధ సాక్ష్యమే. మీ వార్డు లెక్క మీకు విరోధముగా నున్నను ఉన్నదున్నట్లు వ్రాయుడి. దానివలన రేపటి రోగి బ్రదుకును. మంచి సమరయుని వలె గాయము కట్టుట ప్రేమ. గాయము ఎందుకు మానలేదో వెదకుటయు ప్రేమయే.

దేవునికే మహిమ కలుగును గాక. ఆమేన్.