పథకానికి పేరిచ్చిన డాక్టరమ్మ

కయత్తారు అనగానే అందరికీ కట్టబొమ్మన గుర్తుకొస్తారు. 1799లో ఆయనను ఉరితీసిన ఊరు కదా. కానీ ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లే గర్భిణులు తరచుగా వినే పేరు వేరే ఉంది, ముత్తులక్ష్మి రెడ్డి. ప్రసవ సాయం డబ్బు పేరుగా అందరికీ తెలుసు, మనిషి సంగతే చాలామందికి తెలియదు.

ఆమె 1886లో పుదుక్కోట్టైలో పుట్టారు. తండ్రి అయ్యర్, తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబంలోని ఆవిడ. మగపిల్లల కాలేజీలో ఆడపిల్లకు చోటేమిటని ఊరి పెద్దలు అడ్డుపడితే రాజావారే అనుమతి ఇచ్చారు. 1907లో మద్రాసు వైద్య కళాశాలలో చేరి 1912లో డాక్టరై, ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో తొలి మహిళా హౌస్ సర్జన్ అయ్యారు. తనను సమానంగా చూడాలని ముందే షరతు పెట్టి 1914లో డాక్టర్ సుందర రెడ్డిని పెళ్లాడారు. పేరులోని రెడ్డి అలా వచ్చింది.

మందులతో తీరని జబ్బులు సమాజంలో ఉన్నాయని ఆమె ఆసుపత్రి దగ్గరే ఆగిపోలేదు. ఒళ్లు ముదరని పిల్ల గర్భం దాలిస్తే తల్లికీ బిడ్డకూ గండమే. అందుకే 1926లో మద్రాసు శాసనమండలికి నియమితులై, ఉపాధ్యక్షురాలిగా ఎన్నికై, పెళ్లి వయసు పెంచాలనీ, స్త్రీలకూ పిల్లలకూ ప్రత్యేక ఆసుపత్రి కావాలనీ, దేవదాసీ పద్ధతి పోవాలనీ పట్టుబట్టారు. గాంధీగారిని అరెస్టు చేశారని 1930లో ఆ పదవి వదిలేశారు. దిక్కులేని ఆడపిల్లలకు అవ్వై ఇల్లం, చెల్లెల్ని పొట్టన పెట్టుకున్న కేన్సరుకు 1954లో అడయారు ఆసుపత్రి, రెండూ ఆమె నిలబెట్టినవే. 1968లో పోయారు.

1987లో మొదలైన పథకం సాయం 2018 నుంచి పోషకాహార కిట్లతో కలిపి 18,000 రూపాయలు. అగ్గిపెట్టెల పనికో కూలికో వెళ్లే మనవాళ్లకు కాన్పు అంటే కూలి పోవడం కూడాను, కాబట్టి అది చిన్న మొత్తం కాదు. అయితే 19 ఏళ్లు నిండాలి, రెండు కాన్పులకే ఇస్తారు. పదిహేడేళ్లకే పెళ్లి చేసింది పెద్దలు, డబ్బు పోయేది ఆ పిల్లకు. బాల్యవివాహం ఆపడానికే ఆ నిబంధన అంటారు గానీ, తిండి ఎక్కువ అవసరమైన తల్లే మిగిలిపోవడం నాకు న్యాయంగా తోచదు.

మరో మాట. 12 వారాల్లోపు నర్సమ్మ దగ్గర పేరు నమోదు చేయించాలి. మూడు నెలలు నిండేదాకా బయటికి చెప్పకూడదని మన అత్తలు కోడళ్ల నోరు మూయిస్తే ఆ గడువు కాస్తా దాటిపోతుంది. తమిళ కాగితాలు చదవలేని పెద్దవాళ్లు సంఘానికి వస్తే రాసిపెడతాం.