దీపమొక చేత, లెక్క యొక చేత

ఫ్లారెన్సు నైటింగేలు పేరు వినని వారుండరు. రాత్రివేళ దీపము పట్టుకొని రోగుల మంచముల నడుమ తిరిగిన తల్లిగా అందరు ఆమెను ఎరుగుదురు. ఆమె లెక్కల పుస్తకమును కూడ మరువరాదని ఈ ఉగాది సంచికలో పాఠక సోదరులకు మనవి చేయుచున్నాము.

ఆమె 1820 మే 12వ తేదీన ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున సంపన్నులైన ఆంగ్ల దంపతులకు జన్మించెను. నర్సు పని గౌరవమైనది కాదని ఇంటివారు వద్దన్నను పట్టు విడువక, 1851లో జర్మనీలోని కైసర్స్‌వెర్తులో శిక్షణ పొందెను. క్రిమియా యుద్ధకాలమున, 1854 నవంబరులో, 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారి సైనికాసుపత్రి చేరెను.

అచ్చట గాయములకంటె జ్వరములు, కలరా, విరేచనములచే పోవువారే ఎక్కువ. ఆమె వంట, బట్టల ఉతుకు, శుభ్రత చక్కబరచెను. అయినను 1855 ఫిబ్రవరిలో నూటికి సుమారు 42 మంది రోగులు మరణించిరి. మార్చిలో ప్రభుత్వము పంపిన పారిశుద్ధ్య సంఘము వచ్చి, భవనము క్రింది మురుగు కాలువలు కడిగించి, గాలి ఆడునట్లు చేసిన పిదప, జూను నాటికి ఆ సంఖ్య సుమారు 2కు దిగెను.

1856లో స్వదేశము చేరినపుడు ఆమె కీర్తి మిన్నుముట్టియుండెను. మరియొకరైనచో దానితోనే తృప్తి పడియుందురు. ఆమె మాత్రము విలియం ఫార్ అను గణాంకవేత్తతో కలిసి చావుల లెక్క తీసెను. తాను పని చేసిన ఆసుపత్రి లెక్కలను కూడ దాచక, పటములు గీయించి 1858లో ప్రభుత్వము ముందుంచెను.

మేము రైల్వే గుమాస్తాలము. రిజిస్టరులో వ్రాసి, సంతకము చేసి, పని అప్పగించనిదే డ్యూటీ దిగము. రోగి ప్రాణము విషయమున ఆ కట్టుబాటునే ఆమె 1859లో తన నర్సింగు గ్రంథమున బోధించెను. బాధ్యత యనగా తాను చేయుటయే గాదు, తాను లేని వేళ కూడ ఆ పని జరుగునట్లు చూచుట అని ఆమె మతము. 1860లో లండను సెయింటు థామసు ఆసుపత్రిలో ఆమె పేర వెలసిన పాఠశాలలో ప్రతి విద్యార్థిని వేళపాలన, నమ్మకము, శుభ్రతలను నెలనెల నమోదు చేసెడివారు.

ఆమె భారతదేశమునకు ఎన్నడును రాలేదు. అయినను ఇచ్చటి ఆరోగ్యము కొరకు ఏండ్ల తరబడి పాటుపడెను. మన గోదావరికి ఆనకట్ట కట్టిన కాటను దొరతో ఉత్తరములు నడిపి, కరవు బాపుటకు కాలువలు కావలెనని వాదించెను. 1910 ఆగష్టు 13న, తొంబదియేండ్లు నిండి కన్నుమూసెను. ఆమె జన్మదినమే నేడు అంతర్జాతీయ నర్సుల దినము.

సేవ చేయుట గొప్ప. చేసిన సేవకు లెక్క ఒప్పగించుట అంతకన్న కష్టము. ఇల్లు విడిచి పరరాష్ట్ర ఆసుపత్రులలో ఈ వృత్తి చేపట్టిన మన ఆడపడుచులకు ఈ క్రొత్త సంవత్సరము శుభమగుగాక!