లీ డి ఫారెస్టు

మనుష్యుని కంఠధ్వని కొంత దూరము పోవుసరికే సన్నగిల్లును. దానిని విద్యుత్తుగా మార్చి తీగపై పంపినను, ఆకాశమార్గమున పంపినను, పోయినకొలది అది క్షీణించుచునే యుండును. ఇట్లు నీరసించిన ధ్వనికి త్రోవలో మరల బలము చేకూర్చు సాధనము చిరకాలము లభింపలేదు. అట్టి సాధనమునకు మూలమైన శూన్యనాళికను, అనగా రేడియో వాల్వును, నిర్మించినవాడు అమెరికా దేశీయుడగు లీ డి ఫారెస్టు.

ఇతడు 1873వ సంవత్సరము ఆగస్టు 26వ తేదీన అయోవా రాష్ట్రమునందలి కౌన్సిల్ బ్లఫ్స్ పట్టణమున జన్మించెను. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. 1879వ సంవత్సరమున ఆయన అలబామా రాష్ట్రమునందలి టాలడీగా కళాశాలకు అధ్యక్షుడయ్యెను. అది బానిసత్వమునుండి విముక్తులైన నల్లజాతివారి విద్యకై వెలసిన సంస్థ. నల్లవారికి చదువు చెప్పుట ఆ ఊరి తెల్లవారికి గిట్టలేదు. వారు ఆ కుటుంబమును వెలివేసినట్లు చూచిరి. అందుచే బాలుడు నల్లవారి పిల్లలతో ఆడుకొనుచు, తక్కిన ప్రొద్దు పుస్తకములతోను, తన చేతులతో చేసికొన్న చిన్న యంత్రములతోను గడపెను.

కుమారుడు తనవలెనే మతబోధకుడు కావలెనని తండ్రి కోరెను. కాని బాలుని మనస్సు యంత్రములపైననే నిలిచెను. తుదకు తండ్రి సమ్మతింపగా డి ఫారెస్టు యేల్ విశ్వవిద్యాలయమున చేరెను. చేతిలో పైకము చాలక చిల్లర పనులు చేసికొనుచు చదివి, విద్యుత్తరంగములను గూర్చి పరిశోధన గావించి, 1899వ సంవత్సరమున డాక్టరు పట్టము పొందెను.

ఆ దినములలో తీగలేని తంతివార్త క్రొత్తగా వ్యాపించుచుండెను. దూరమునుండి వచ్చు దుర్బల తరంగములను పసిగట్టు సాధనముకొరకు పలువురు వెదకుచుండిరి. ఇంగ్లాండు దేశీయుడగు ఫ్లెమింగు 1904వ సంవత్సరమున విద్యుద్దీపము వంటి ఒక గాజుబుడ్డిలో, కాగిన తీగకు ఎదురుగా లోహపు పలకనమర్చి, దానిని ఈ పనికి ఉపయోగించెను. 1906వ సంవత్సరమున డి ఫారెస్టు ఆ రెంటి నడుమ వంకరలుగా వంచిన మరియొక సన్నని తీగను నిలిపెను. ఈ మూడవ అంగమునకే గ్రిడ్డు అని పేరు. తన బుడ్డికి అతడు ఆడియాన్ అని పేరిడెను. 1908వ సంవత్సరమున దానిపై అతనికి పేటెంటు హక్కు లభించెను.

ఇంత చిన్న తీగ చేయు పని ఏమి? కాగిన తీగనుండి ఎలక్ట్రానులను ఋణవిద్యుత్కణములు వెలువడును. ధనవిద్యుత్తు గల పలక వానిని ఆకర్షించును. నడుమనున్న గ్రిడ్డు చెరువు తూమునకు అమర్చిన తలుపు వంటిది. ఆ తలుపును ఒక బాలుడు కొంచెము ఎత్తినచో నీరు ఉరవడిగా పారును. కొంచెము దించినచో సన్నగిల్లును. బలము చెరువునీటిది, బాలునిది ఆజ్ఞ మాత్రమే. అట్లే గ్రిడ్డుపై పడిన దుర్బలమైన విద్యుత్తు, పలకకు పోవు బలమైన ప్రవాహమును తన చెప్పుచేతలలో నుంచుకొనును. ధ్వనివర్ధక యంత్రము యొక్క రహస్యమంతయు ఇదియే.

మొదట ఆడియాన్ తరంగములను పసిగట్టుటకే వినియోగపడెను. 1912వ సంవత్సరమున డి ఫారెస్టు కాలిఫోర్నియా రాష్ట్రమునందలి పాలో ఆల్టోలో ఇట్టి నాళికలను ఒకదాని వెంట నొకటి కలిపి, మెల్లని ధ్వనిని పెద్దది చేసి వినిపించెను. మరుసటి సంవత్సరమున ఒక గొప్ప టెలిఫోను సంస్థ 50,000 డాలర్లకు ఆ హక్కును కొనెను. అదే 1913వ సంవత్సరమున అతడు న్యాయస్థానమున ముద్దాయిగా నిలువవలసి వచ్చెను. అతని కంపెనీ వాటాలను లేనిపోని ఆశలు చూపి అమ్మిరని ప్రభుత్వము అభియోగము తెచ్చెను. ఆడియాన్ ఎందుకును కొరగాని బుడ్డి యని కూడ ఆ అభియోగములో నుండెను. తోడివారిలో కొందరికి శిక్ష పడెను. డి ఫారెస్టు నిర్దోషియని తేలెను.

అయినను ఒక లోపము మిగిలియుండెను. తాను చేసిన నాళిక ఎట్లు పనిచేయునో డి ఫారెస్టునకు సరిగా తెలియదు. బుడ్డిలో కొంచెము వాయువుండుట అవసరమని అతడు నమ్మెను. ఆ వాయువు వలననే ఆడియాన్ నీలికాంతితో మెరసి దారితప్పుచుండెను. ఒకటి పనిచేసినట్లు మరియొకటి పనిచేయకుండెను. కాగు తీగ త్వరగా కాలిపోవుటచే ఒక్కొక్క బుడ్డిలో రెండేసి తీగలనమర్చుచుండిరి. ఆర్నాల్డు, లాంగ్‌మ్యూరు అను శాస్త్రజ్ఞులు వేరువేరుగా పరిశోధించి, వాయువును వీలైనంతవరకు తొలగించినచో నాళిక నిలుకడగా పనిచేయునని నిరూపించిరి. 1915వ సంవత్సరము జనవరి 25వ తేదీన న్యూయార్కునుండి శాన్‌ఫ్రాన్సిస్కో వరకు టెలిఫోనుపై మాట వినబడెను. త్రోవలో ఆ మాటకు బలమిచ్చినవి ఈ నాళికలే.

నాళికకు కూడ మనుష్యునివలె వార్ధక్యము కలదు. ఎలక్ట్రానులను వెలువరించు పూత క్రమముగా శక్తి కోల్పోవును. అప్పుడు ధ్వని సన్నగిల్లి మారిపోవును. మిగిలిన వాయువును పీల్చుటకై బుడ్డి లోపల వెండివలె మెరయు లోహపు పూతనుంతురు. గాజు పగిలి గాలి చొరబడినచో ఆ పూత తెల్లబారును. ఇక ఆ నాళిక పనికిరాదు. సాధారణముగా ధ్వనివర్ధకములలో గ్రిడ్డుపై కొంచెము ఋణవిద్యుత్తు నిలుపుదురు. అది తప్పినచో ప్రవాహము మితిమీరి పలక ఎర్రగా కాగును. కావుననే ముసలిదైన నాళికను ఊడదీసి క్రొత్తదానినుంచుటకు వీలుగా ఈ యంత్రములను నిర్మింతురు. మీట కట్టివేసిన పిదప కూడ ఇందులో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును గనుక తెలియనివారు చేయి పెట్టరాదు.

డి ఫారెస్టు తరువాతి జీవితము వివాదములతో నిండెను. నాళికకు సంబంధించిన ఒక ముఖ్యమైన ప్రయోగము తనదే యని ఆర్మ్‌స్ట్రాంగు అను యువకుడు వాదించెను. 1934వ సంవత్సరమున అత్యున్నత న్యాయస్థానము డి ఫారెస్టునకే అనుకూలముగా తీర్పు చెప్పెను. అయినను దానిని చక్కగా గ్రహించి వివరించినవాడు ఆర్మ్‌స్ట్రాంగే యని పలువురు ఇంజనీర్లు భావించిరి. చలనచిత్రమునకు మాటలు కూర్చు పద్ధతిని డి ఫారెస్టు 1923వ సంవత్సరమున న్యూయార్కులో ప్రదర్శించెను. అందలి లాభము ఇతరులకు దక్కెను. ఆ కృషికి 1960వ సంవత్సరమున చలనచిత్ర అకాడమీ అతనిని గౌరవించెను. 1961వ సంవత్సరము జూన్ 30వ తేదీన అతడు హాలీవుడ్‌లో కన్నుమూసెను. 180కి మించిన పేటెంట్లు పొందినను, అతడు ధనవంతుడై మరణింపలేదు.

1947వ సంవత్సరమున ట్రాన్సిస్టరు వెలసి క్రమముగా నాళిక స్థానమును ఆక్రమించెను. అయినను గిటారు వాద్యకారులును, కొందరు సంగీత ప్రియులును నాళికల ధ్వనివర్ధకములను విడువలేదు. డి ఫారెస్టు చేయి నూతన వస్తువును సృజించెను. దాని మర్మమును తెలిసికొనుటకు ఇతరుల బుద్ధి తోడయ్యెను. చేసి చూచు సాహసమును, ఎట్లు జరిగెనో తెలిసికొను ఓర్పును కలిసినప్పుడే విజ్ఞానము పరిపూర్ణమగును.