రహీం సాహెబు: బడి మైదానము నుండి జకార్తా వరకు

ఉపాధ్యాయునికి కీర్తి దక్కుట అరుదు. శిష్యుల పేర్లు లోకమంతటా మారుమ్రోగినప్పుడు, వారికి మొదట అక్షరము దిద్దించినవారెవరని అడిగేవారు తక్కువ. క్రీడారంగములో ఇది మరింత నిజము. గోలు కొట్టినవాని చిత్రము పత్రికలో పడుతుంది. ఆ కాలికి ఆ నేర్పు అలవరచినవారు మైదానపు అంచున నిలబడి ఉంటారు. భారత ఫుట్‌బాల్ చరిత్రలో అట్లా అంచున నిలబడిన మహనీయుడు సయ్యద్ అబ్దుల్ రహీం. మన దేశపు జట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణపతకము గెలుచుకొన్నది. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానమున నిలిచినది. ఈ మూడు ఘట్టములలోను జట్టుకు శిక్షకులు ఆయనే. ఆయన వృత్తి మాత్రము బడిపంతులు పని.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించినారు. ఉస్మానియా విశ్వవిద్యాలయములో చదువుకొన్నారు. ఆ విశ్వవిద్యాలయపు జట్టులో ఫుట్‌బాల్ ఆడినారు. నగరములో పేరున్న కమర్ క్లబ్బు పక్షానకూడ ఆడినారు. చదువు ముగిసిన తరువాత ఉపాధ్యాయవృత్తిని చేపట్టి, కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు మొదలగు విద్యాలయములలో పనిచేసినారు. నడుమ వ్యాయామ విద్యలో డిప్లొమా పొందినారు. ఆ పిమ్మట తరగతిగదితోపాటు ఆటస్థలముకూడ ఆయన పాఠశాల అయినది. పాఠము చెప్పే మనిషికి ఒక అలవాటు ఉంటుంది: విద్యార్థి తప్పు చేసినప్పుడు తప్పును మాత్రమే చూచి ఊరుకొనక, ఆ తప్పు ఎక్కడనుండి పుట్టినదో వెదకుతాడు. రహీం ఈ అలవాటును తరగతినుండి మైదానమునకు తీసుకొనివెళ్ళినారు. ఆయన సాధించినదంతయు దీనినుండి వచ్చినదే.

ఆ కాలమున మన ఆటలో కనబడిన పెద్దలోపము ఒకటున్నది. బంతిని కాళ్ళమధ్య తిప్పుకొనుచు, ఎదుటివారిని ఏమరించి ఒంటరిగా ముందుకు పోవుటనే గొప్ప నేర్పుగా ఆటగాండ్రు భావించేవారు. ప్రేక్షకులు దానికే చప్పట్లు కొట్టేవారు. దీనినే డ్రిబ్లింగు అంటారు. ఒక్కని నేర్పు కంటికి ఇంపుగానే ఉంటుంది. కాని పదకొండుమంది ఆడవలసిన ఆటను ఒక్కడే ఆడుచుండగా తక్కిన పదిమంది ప్రేక్షకులవుతారు. ఇంతలో ఎదుటిపక్షము తన స్థానములను సర్దుకొంటుంది. రహీం దీనికి ఉపన్యాసముతో కాక నియమముతో మందు వేసినారు. డ్రిబ్లింగు నిషేధించిన పోటీలను ఏర్పాటు చేసినారు. బంతి అందినవాడు దానిని అట్టిపెట్టుకొనరాదు. వెంటనే తోటివానికి అందించవలెను. అందించవలెనన్న, బంతి తన వద్దకు రాకముందే ఎవరెక్కడ ఉన్నారో చూచుకొని ఉండవలెను. ఈ విధముగా కాలికంటె ముందు కన్ను, కంటికంటె ముందు బుద్ధి పనిచేయుట అలవడినది. కుడికాలితో మాత్రమే తన్నగలవానికి ఎడమకాలు, ఎడమకాలివానికి కుడికాలు వాడక తప్పని పోటీలుకూడ పెట్టినారు.

ఈ పద్ధతులకు ధనము అక్కరలేదని ఉపాధ్యాయులు గమనింతురుగాక. పచ్చిక మైదానము లేకపోయినను, విలువైన సామగ్రి లేకపోయినను, నెల్లూరు తీరమున మైపాడు, కృష్ణపట్నము వంటి గ్రామములలో ఇసుకమీద బంతి తన్నే పిల్లలకు సైతము ఈ పాఠము చెప్పవచ్చును. ఒక బంతి, ఒక నియమము, ఆ నియమమును సడలించని ఒక పంతులు ఉంటే చాలును.

రహీం ఆటగాడుగానే నిలిచిపోలేదు. 1940లలో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి అయినారు. 1950 నుండి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షణనిచ్చుట ఆయన వంతయినది. ఆ నాటికి భారత ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనే భావము బలముగా ఉండినది. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ జట్లకు ఉన్న ప్రాచీనతగాని, ప్రేక్షకబలముగాని, ధనబలముగాని దక్కన్ పోలీసులకు లేవు. అయినను బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేండ్లు గెలుచుకొన్నది. 1950లోనే డ్యూరాండ్ కప్పు అంతిమపోటీలో మోహన్ బగాన్‌ను ఓడించినది. రాష్ట్ర జట్లు తలపడే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు జట్టు 1956-57లోను, 1957-58లోను వెంటవెంట సాధించినది. దేశపు జట్టును ఎన్నుకొనేవారు ఇకమీద తూర్పుదిక్కునకు మాత్రమే చూచి ఊరుకొనుటకు వీలులేకపోయినది.

భారత జట్టు బాధ్యతకూడ ఈ కాలముననే రహీం చేతికి వచ్చినది. 1951 మార్చిలో మొదటి ఆసియా క్రీడలు ఢిల్లీలో జరిగినవి. శైలేన్ మన్నా నాయకత్వమున మన జట్టు ఇండొనేషియాను, ఆఫ్ఘనిస్తానమును ఓడించి, అంతిమపోటీలో ఇరానును ఎదుర్కొన్నది. మేవాలాల్ చేసిన ఒకే ఒక గోలుతో విజయము మనదయినది. స్వాతంత్ర్యము వచ్చి నాలుగేండ్లు నిండని దేశమునకు అది పెద్ద పండుగ.

కాని మరుసటి యేడే గట్టి పరాభవము ఎదురయినది. 1952లో హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా మన జట్టును 10–1 తేడాతో ఓడించినది. మన ఆటగాండ్రలో పెక్కుమంది వట్టికాళ్ళతోనే ఆడినారు. చల్లని దేశపు జారుడునేలమీద, బూట్లు తొడిగిన దృఢకాయులయెదుట ఆ పద్ధతి నిలువలేదు. అటుతరువాత అఖిలభారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తొడుగుటను తప్పనిసరి చేసినది. పాదములకు బూట్లు వచ్చినంతమాత్రాన ఆట మారదు, ఆలోచనకూడ మారవలెను. అప్పుడే ఐరోపాలో హంగరీ జట్టు ఒక క్రొత్తమార్గము తొక్కుచుండినది. ముందువరుస నడుమ నిలువవలసిన సెంటర్ ఫార్వర్డు వెనుకకు జరిగి ఆడేవాడు. అతనిని కాయవలసిన ప్రత్యర్థి వెంట రావలెనో, తన చోటనే ఉండవలెనో తెలియక తికమకపడేవాడు. 1953లో హంగరీ ఇంగ్లండును లండనులోనే 6–3 తేడాతో ఓడించినప్పుడు లోకము ఈ కిటుకును గుర్తించినది. హైదరాబాదులోని ఈ పంతులు దానిని శ్రద్ధగా అధ్యయనము చేసి, మన ఆటగాండ్ర శక్తికి తగినట్లు మలచినారు. వెనుక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు నిలిచే వ్యూహమును భారతదేశమున ప్రవేశపెట్టినవారు ఆయనే.

దాని ఫలితము మెల్బోర్న్‌లో కనబడినది. 1956 డిసెంబరు 1న, అనగా ఆంధ్రప్రదేశ్ అవతరించి సరిగా నెలదినములు నిండిననాడు, సమర్ బెనర్జీ నాయకత్వములోని భారత జట్టు ఆస్ట్రేలియాను వారి గడ్డమీదనే 4–2 తేడాతో ఓడించినది. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోలులు చేసినాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆ ఘనత సాధించిన మొదటి ఆసియావాసి అతడే. సెమీఫైనల్లో యుగోస్లావియాతో 4–1గాను, మూడవస్థానపు పోటీలో బల్గేరియాతో 3–0గాను మన జట్టు ఓడినది. పతకము అందకపోయినను, నాలుగేండ్లక్రితము పది గోలులు చేసి అవమానించిన యుగోస్లావియాపై ఈసారి తొలి గోలు చేసినది మనవారే. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం మొదలగు హైదరాబాదు ఆటగాండ్రు ఉండుట విశేషము.

బలరాం సంగతి ప్రత్యేకముగా చెప్పదగినది. సికింద్రాబాదు దాపున అమ్ముగూడలో బీదకుటుంబమున పుట్టిన బాలుడతడు. రహీం అతని ఆట చూచి శిక్షణకు రమ్మన్నారు. రోజూ అంతదూరము వచ్చి పోవుటకు ఆ కుర్రవానికి దారి ఖర్చులు లేవు. అద్దెసైకిలుకు కావలసిన డబ్బు రహీం తామే ఇచ్చినారని క్రీడాలోకములో చెప్పుకొంటారు. అట్లు వచ్చిన బాలుడే 1960లో రోము ఒలింపిక్ క్రీడలలో బలమైన హంగరీపై గోలు చేసినాడు. ఆ పోటీలో మనవారు 2–1తో మాత్రమే ఓడినారు. ఫ్రాన్సుతో 1–1గా సమానముగా నిలిచినారు. ఆ రోము జట్టులో రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీంకూడ ఉండినాడు.

ఇక 1962. రహీంకు అప్పటికే ఊపిరితిత్తుల కేన్సరు సోకి ఉండినది. దేహము క్షీణించుచున్నను జట్టును వెంటబెట్టుకొని జకార్తాకు వెళ్ళినారు. మొదటిపోటీలోనే దక్షిణకొరియా మనవారిని 2–0తో ఓడించినది. 1956లోను, 1960లోను ఆసియా కప్పు గెలిచిన జట్టది. మనవారు తేరుకొని థాయిలాండును 4–1తోను, జపానును 2–0తోను ఓడించినారు. అయితే థాయిలాండుతో ఆడినప్పుడు వెనుకవరుసకు మూలస్తంభమయిన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడినవి. తలతో బంతిని ఎదుర్కొనవలసిన స్థానములో అతనిని నిలుపుట ప్రమాదము; నిలుపకుంటే జట్టుకు లోటు. రహీం అతనిని ముందువరుసకు మార్చి సెంటర్ ఫార్వర్డుగా ఆడించినారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం 3–2తో ఓడినది. మన గోలులలో ఒకటి జర్నైల్ సింగ్‌దే.

మైదానము వెలుపల గాలి మనకు ప్రతికూలముగా ఉండినది. ఇజ్రాయేలును, తైవానును క్రీడలకు రానీయనందున వీటిని ఆసియా క్రీడలని పిలువరాదని ఆసియా క్రీడాసమాఖ్యలోని భారతీయ ప్రముఖుడు సోంధీ వాదించగా, ఇండొనేషియా ప్రజలు ఆగ్రహించినారు. ఆందోళనకారులు భారత రాయబార కార్యాలయముమీద దాడిచేసినారు. సెప్టెంబరు 4న అంతిమపోటీకి మనవారు అడుగుపెట్టినప్పుడు, సుమారు లక్షమంది నిండిన సెనయాన్ మైదానము గేలితో దద్దరిల్లినది. ఆ రణగొణధ్వనిలోనే మన జాతీయగీతము సాగినది. ఎదుట నిలిచినది మొదట మనలను ఓడించిన కొరియాయే. పోటీకి ముందు రహీం ఆటగాండ్రను దగ్గరకు పిలిచి, తమకొక కానుక కావలెననియు, అది బంగారుపతకమనియు కోరినట్లు శిష్యులు తరువాత చెప్పుకొన్నారు. అడుగుట ఎరుగని గురువు అడిగిన కానుక అది.

అనారోగ్యమునుండి అప్పుడే కోలుకొనుచున్న ఆజానుబాహుడు పీటర్ తంగరాజ్‌ను రహీం గోలువద్ద నిలిపినారు. తలకు కట్టుతో జర్నైల్ సింగ్ మరల ముందువరుసలో నిలిచినాడు. పదిహేడవ నిమిషమున పి. కె. బెనర్జీ, ఇరువదవ నిమిషమున జర్నైల్ సింగ్ గోలులు చేసినారు. చివరి నిమిషములలో కొరియా ఒక గోలు తీర్చుకొన్నను ఫలితము మారలేదు. నాయకుడు చూనీ గోస్వామి జట్టు 2–1తో గెలిచినది. గేలిచేసిన మైదానమునందే గురుదక్షిణ చెల్లినది.

జకార్తానుండి తిరిగివచ్చిన పిమ్మట వ్యాధి ముదిరినది. 1963 జూన్ 11న రహీం పరమపదించినారు. అప్పటికి ఆయన వయస్సు యేబదినాలుగేండ్లయినను నిండలేదు.

ఆయన వెంట ఏమి పోయినదో తరువాతి చరిత్రను చూస్తే తెలుస్తుంది. 1960 తరువాత ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారతదేశము మరల ఆడలేదు. ఆసియా క్రీడలలో 1970లో కాంస్యపతకము వచ్చినది. స్వర్ణము మాత్రము రాలేదు. ఆంధ్రప్రదేశ్ జట్టు 1965-66లో గెలిచిన సంతోష్ ట్రోఫీయే తెలుగునేలకు దక్కిన కడపటిది. శిష్యులు గురువును మరచిపోలేదు. పి. కె. బెనర్జీ, హైదరాబాదీయుడు నయీముద్దీన్ వంటివారు తాముకూడ శిక్షకులై పేరుగాంచినారు. కాని ఒక్క మనిషి బుర్రలోను, ఒక్క మనిషి ఓపికలోను నిలిచియున్న విద్యను ఊరూరి బడికి పంచిపెట్టే ఏర్పాటు ఆయన కాలమున జరుగలేదు. తరువాత జరిగినదానికి ఆ చేవ లేదు. లోటు ఆటగాండ్రది కాదు. అద్దెసైకిలు కావలసిన బలరాములు నేటికిని ప్రతి ఊరిలో ఉన్నారు. వారిని గుర్తించి, సైకిలు డబ్బిచ్చి, ఎడమకాలితో తన్నుము అని పట్టుబట్టే పంతుళ్ళే కావలెను.

చాలకాలము మరుగునపడిన రహీం పేరు, 2024లో ఆయన జీవితముపై హిందీ చలనచిత్రము వచ్చినప్పుడు మరల జనుల నోట వినబడినది. చిత్రము చూచి చప్పట్లు కొట్టుట సులభము. విద్యార్థులారా, మీ బడి మైదానమున రేపు బంతి మీ కాలికి అందినప్పుడు, దానిని అట్టిపెట్టుకొనక తోటివాడెక్కడ ఉన్నాడో చూడండి. ఉపాధ్యాయులారా, ఆ చూపును నేర్పండి. ఆ పంతులుకు మనము చెల్లించగల దక్షిణ ఇదియే.