సముద్రమునకు మంచె కట్టినవాడు: జాన్ సిరిల్ పోర్ట్

పొలమునకు గట్టు గలదు. గట్టుపై మంచె వేసి కాపరి నిలిచినచో దొంగ అడుగిడుటకు జంకును. సముద్రమునకు గట్టు లేదు. మంచె పాతుటకు నేల లేదు. అట్టి నీటిపొలమునకు మంచెను ఆకాశముననే కట్టవచ్చునని చేసి చూపినవారిలో అగ్రగణ్యుడు జాన్ సిరిల్ పోర్ట్. నేడు సకలదేశముల నౌకాబలములందును సముద్రముపై గస్తీ తిరుగుచున్న యుద్ధవిమానములకు మూలపురుషులలో ఒకనిగా అతనిని వైమానిక చరిత్రకారులు ఎన్నుదురు. ముప్పదియైదేండ్లకే ముగిసిన ఆ జీవితమున, మూడువైపుల సముద్రము గల మన దేశము నేర్వదగిన పాఠమొకటి యున్నది.

పోర్ట్ 1884 ఫిబ్రవరి 26 వ తేదీన ఐర్లండు దేశమున కార్క్ మండలములోని బాండన్ పట్టణమున జన్మించెను. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. 1898 లో, పదునాలుగేండ్ల ప్రాయమున, బ్రిటిషు నౌకాదళమున శిక్షణకు చేరి, పిమ్మట జలాంతర్గాముల శాఖలో ప్రవేశించెను. ఆ కాలపు జలాంతర్గామి నీట మునిగినపుడు విద్యుత్తు నిలువచేసిన బ్యాటరీల బలముచేతనే కదలును; ఆ బలము కొలది గంటలకే ఉడుగును. కావున ప్రయాణములో అధికభాగము పైకి తేలి యంత్రములను నడుపుకొనక తప్పదు. ఈ బలహీనతను పోర్ట్ గ్రంథములలో చదివి గాక, ఆ ఇనుపగొట్టములో కూర్చుండి ఎరిగినవాడు.

ఆకాశముపై మోజు అతనికి అప్పుడే అంకురించెను. 1909 లో ఒక తోటి యుద్యోగితో గూడి, యంత్రము లేని విమానమునొకదానిని కట్టి కొండచరియపైనుండి ఎగురవేయజూచెను, అది ఎగురలేదు. ఇంతలో క్షయరోగము పట్టుకొనెను. 1911 లో నౌకాదళము అతనిని అనారోగ్యకారణమున విడిచిపుచ్చినది. ఇరువదియేడేండ్ల వయస్సున ఉద్యోగము పోయి, ఊపిరితిత్తులు చెడినవాడు ఇల్లు చేరి మంచము పట్టుట లోకసహజము. పోర్ట్ అట్లు చేయక విమానము నడుపుట నేర్చి, ఒక విమానముల సంఘమున చేరి, క్రొత్త విమానములను పరీక్షించు ప్రమాదకరమైన పనికి పూనుకొనెను. ఆ సంఘమును 1913 లో దివాలా తీసినది.

అప్పుడే అమెరికా దేశీయుడగు గ్లెన్ కర్టిస్‌తో అతనికి పరిచయమయ్యెను. నీటిపై వ్రాలి నీటినుండియే లేచు ఎగిరెడు పడవలను కట్టుటలో కర్టిస్ ఆనాడు ప్రఖ్యాతుడు. అట్లాంటికు మహాసముద్రమును విమానముతో దాటినవారికి లండను పత్రిక యొకటి పదివేల పౌనులు బహుమానము ప్రకటించియుండెను. వానమేకర్ అను అమెరికా వర్తకుడు ధనమిచ్చెను. కర్టిస్ పడవను కట్టెను. నడుపువానిగా పోర్ట్ ఎన్నుకొనబడెను. 1914 జూన్ 22 వ తేదీన ‘అమెరికా’ అను పేర ఆ పడవను ఒక సరస్సులో దింపిరి. ఆగస్టు మాసమున బయలుదేరవలసియుండగా ఐరోపాలో మహాయుద్ధము పుట్టెను. పోర్ట్ ప్రయాణము మాని స్వదేశమునకు మరలి, నౌకాదళమున తిరిగి చేరెను. అతని ప్రోద్బలముననే బ్రిటిషు నౌకాదళము ఆ కర్టిస్ పడవలను కొన్నది.

1915 లో ఇంగ్లండు తూర్పుతీరముననున్న ఫెలిక్స్‌స్టో స్థావరమునకు అతడు అధిపతి యయ్యెను. అతని జీవితమున ప్రధానఘట్టము ఇదియే. కొన్న పడవల లోపమును అచటి అలలే బయటపెట్టినవి. నిశ్చలమగు సరస్సుపై చక్కగా తేలిన అడుగు ఉత్తరసముద్రపు దెబ్బకు నిలువలేకపోయెను. అమ్మినవానిని నిందించుచు క్రొత్త సరకు వచ్చువరకు వేచియుండుట సులభమైన మార్గము. పోర్ట్ ఆ మార్గము త్రొక్కలేదు. రెక్కలను అట్లేయుంచి, అడుగును మాత్రము తీసివేసి, తన స్థావరపు పనివాండ్రతో మరల కట్టనారంభించెను. చదునుగా గాక, నీటిని నాగటికర్రువలె చీల్చునట్లు అడుగును కోసుగా తీర్చెను. దాని క్రింద మెట్లవంటి విరుపులు పెట్టెను. నీరు అడుగును అంటిపట్టి వెనుకకు లాగుటను ఆ విరుపులు త్రుంచగా, పడవ నీటిపై జారి తేలికగా లేచును. ఒక అడుగు కట్టుట, ఎగురవేయుట, చెడినచోటు కనిపెట్టి సరిదిద్దుట, మరల వేరొకటి కట్టుట - ఇట్లు రెండేండ్లు శ్రమించిన పిదప ‘ఫెలిక్స్‌స్టో ఎఫ్.2ఏ’ అను ఎగిరెడు పడవ సిద్ధమయ్యెను. దాని రెక్కలు కొసనుండి కొసకు 95 అడుగులకు మించినవి. రెండు రోల్స్ రాయిస్ యంత్రములు, నలుగురు మనుష్యులు, చుట్టును మరతుపాకులు, రెక్కల క్రింద 230 పౌండ్ల బాంబులు రెండు. ఇంత బరువుతో అది సుమారు ఆరుగంటలు సముద్రముపై తిరుగగలదు.

1917 ఫిబ్రవరినుండి జర్మను జలాంతర్గాములు ఎదురైన ఓడనెల్ల ముంచుచుండెను. ఆ యేప్రిల్‌లోనే ఫెలిక్స్‌స్టో స్థావరమున సాలెగూడు అను గస్తీ ప్రారంభమయ్యెను. నార్త్ హిండర్ అను దీపపుటోడను నడుమ పెట్టుకొని, చుట్టును ఎనిమిది దిక్కులకు ముప్పదేసి మైళ్ల గీతలు గీచి, వానిని అడ్డుపోగులతో కలిపిరి. ఈ వల సుమారు నాలుగువేల చదరపు మైళ్ల సముద్రమును కప్పినది. పైకి తేలి పోవు జలాంతర్గామికి దానిని దాటుటకు పదిగంటలు పట్టును. ఆ లోపల ఎగిరెడు పడవ ఏదో యొక పోగున దానిని కనుగొనును. తొలుత కర్టిస్ పెద్ద పడవలును, తరువాత పోర్ట్ పడవలును ఈ పని చేసినవి. అదే సంవత్సరము మే 14 వ తేదీన ఒక కర్టిస్ పెద్ద పడవ ఎల్ 22 అను జర్మను జెప్పెలినును సముద్రముపై కూల్చెను.

ఇచట ఒక సత్యము చెప్పవలెను. ఈ విమానములు ముంచినవని ఆనాడు లెక్కవేసిన జలాంతర్గాములలో పెక్కు మునుగలేదని యుద్ధానంతరము తేలినది. అయినను వాని ప్రయోజనము ముంచుటలో కంటె మునుగజేయుటలో నున్నది. విమానమును చూచిన జలాంతర్గామి లోనికి దిగును. దిగినది మెల్లగా కదలును, బలముడుగును. ఈలోగా ఓడలు దాటిపోవును. కాపరి కేక విని దొంగ పొదలో దాగినచో ఆ రాత్రికి పంట దక్కినట్లే గదా!

పోర్ట్ జీవితమున మచ్చయు గలదు. కర్టిస్ విమానముల కొనుగోలుపై కమీషను గ్రహించెనని 1917 లో అతనిపై అభియోగము మోపబడినది. ధనము ముట్టినమాట కాదనరానిది. అతని రోగమును, దేశసేవను గణించి ప్రభుత్వము ఆ యేడు నవంబరులో వ్యాజ్యమును ఉపసంహరించుకొన్నది. సేవ గొప్పదైనంత మాత్రమున ఈ దోషమును కప్పిపుచ్చరాదు. దోషమున్నదని సేవను త్రోసిపుచ్చను రాదు. విదేశపు సరకు కొనుచోటనెల్ల ఈ ప్రలోభము పొంచియుండునని మాత్రము గ్రహింతము.

యుద్ధము ముగిసిన పిదప, అయిదు యంత్రముల మహావిమానముతో దూరసముద్రములు దాటవలెనని అతడు తలచెను. 1919 ఆగస్టు 11 వ తేదీన, దక్షిణాఫ్రికాకు బయలుదేరుటకు ముందు, అది ఫెలిక్స్‌స్టో వద్దనే కూలెను. తంతిలేని వార్తలు పంపు ఉద్యోగి మరణించెను. అక్టోబరు 22 వ తేదీన పోర్ట్‌ను బ్రైటన్ నగరమున క్షయ కబళించినది.

అతని విద్యను మొదట గ్రహించినవారిలో జపానువారొకరు. 1921 లో వచ్చిన బ్రిటిషు శిక్షకులవలన ఫెలిక్స్‌స్టో పడవలను కట్టుట నేర్చి, ఇరువదియేండ్లలో ప్రపంచమున మేటియనిపించుకొన్న ఎగిరెడు పడవలను స్వయముగా నిర్మించిరి. 1942 ఏప్రిల్ 4 వ తేదీన సింహళమునకు ఆగ్నేయమున జపాను నౌకాబలమును ముందుగా కనుగొన్నది కాటలీనా అను ఎగిరెడు పడవయే. రెండుదినములకు, ఏప్రిల్ 6 వ తేదీన, మన విశాఖపట్టణముపైనను కాకినాడపైనను జపాను బాంబులు పడెను. ఆనాడు మన తీరమును చూచు కన్నులు మనవి కావు.

నేడు కన్నులు మనవే. విశాఖ కడలియొడ్డున 2017 నుండి ప్రదర్శనశాలగా నిలిచిన టీయూ 142 విమానము ఇరువదితొమ్మిదేండ్లు మన సముద్రమును కాచినది. 2013 నుండి అరక్కోణము స్థావరమున చేరిన పీ 8ఐ విమానములు నీటిలో శబ్దమును వినెడు తేలుబుడ్లను విడిచి, టార్పెడోలతోను క్షిపణులతోను సముద్రమును కాచుచున్నవి. కాని మొదటిది రష్యావారు కట్టినది, రెండవది అమెరికావారు కట్టినది. కొనుట తప్పుగాదు, పోర్ట్ కూడ మొదట కొన్నవాడే. కొన్నదాని లోపమును మన అలలపై పరీక్షించి, అడుగు విప్పి, మన చేతులతో మరల కట్టుకొననంతవరకు మంచె మనదైనను దాని నిట్రాట పరులదే. రోగపీడితుడగు ఒక్క నావికుడు రెండేండ్లలో చేసిన పనికి, ఇంత విశాలమగు దేశమున బుద్ధియు ధనమును కొరవడునా? కొరవడినది పూనికయే.