మూడోసారికి గట్టెక్కిన భీమవరం కుర్రాడు

పరీక్ష పోయిందని దిగులా? 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు రాజమండ్రిలో చదివినా మెట్రిక్ దాటలేదు. మూడోసారికి మద్రాసులో గట్టెక్కారు. మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టారని సర్జరీ ప్రొఫెసర్‌కు కోపమొచ్చింది. ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ చేతికొచ్చింది.

అమెరికా వెళ్లి, ఆసుపత్రిలో రాత్రి పని చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. 1929లో ఫిస్క్‌తో కలిసి కండరాల్లో ఏటీపీని గుర్తించారు. మీరు తిన్న అన్నం గ్లూకోజ్ అవుతుంది. దాన్నుంచి కణాలు తయారుచేసుకునే శక్తే ఏటీపీ. టైప్-2 షుగర్‌లో ఇన్సులిన్ సరిగా పనిచేయక ఆ గ్లూకోజ్ కణాల్లోకి త్వరగా వెళ్లదు. అందుకే మామూలుగా రెండు మూడు గంటల్లో దిగే చక్కెర, వాళ్ల రక్తంలో ఇంకా ఎక్కువగానే ఉంటుంది.

హార్వర్డ్‌లో పర్మనెంట్ పోస్టు రాలేదు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరి, 1948లో కన్నుమూసేదాకా కొత్త మందుల పరిశోధన నడిపించారు. మీరూ మెమో చూసి ఆగిపోకండి. మళ్లీ ఫీజు కట్టండి.